ఎఫ్‌ఐఐల వాటా తగ్గింది, ప్రమోటర్ వాటా కూడా తగ్గింది – ఈ షేరులో ఉండాలా, బయటపడాలా?

కొత్తకాపు | జులై 19, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా నా దగ్గర ఒక మిడ్‌క్యాప్ (మధ్యస్థాయి కంపెనీ) షేరు ఉంది. పేరు చెప్పను. చెబితే చర్చంతా ఆ కంపెనీ మంచిదా చెడ్డదా అన్నదాని మీదికి పోతుంది. నిన్న జూన్ క్వార్టర్ షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ (ఎవరికెంత వాటా ఉందో మూడు నెలలకోసారి చెప్పే పట్టిక) వచ్చింది. చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

మార్చిలో: ప్రమోటర్లు (కంపెనీ యజమానులు) 51.00 శాతం, ఎఫ్‌ఐఐలు (విదేశీ సంస్థాగత మదుపరులు) 14.20, మ్యూచువల్ ఫండ్లు 9.10.
జూన్‌లో: ప్రమోటర్లు 48.57 శాతం, ఎఫ్‌ఐఐలు 13.33, మ్యూచువల్ ఫండ్లు 11.90.

ప్రమోటరే దాదాపు రెండున్నర శాతం అమ్ముకున్నాడంటే లోపల ఏదో తేడా ఉన్నట్టే కదా? పైగా మార్చి జాబితాలో 1.03 శాతంతో ఒక విదేశీ ఫండ్ పేరు ఉండేది. ఇప్పుడు ఆ పేరే లేదు. నిజం చెప్పాలంటే ఆ ఫండ్ ఉందన్న ధైర్యంతోనే నేను ఈ షేరు కొన్నాను. మార్కెట్ తెరవగానే అమ్మేద్దామా అని ఆలోచిస్తున్నాను. పెద్దలు చెప్పండి.

---

చార్టుబాబు | జులై 19, రాత్రి 9:52

ఇందులో అడగడానికేముంది బ్రో. ఓడ యజమానే లైఫ్ జాకెట్ వేసుకుంటుంటే నువ్వు డెక్ మీద కుర్చీ వేసుకుని కూర్చుంటావా? ప్రమోటర్ దిగాడు, విదేశీవాళ్లు దిగారు. ఫండ్లు ఎక్కుతున్నాయంటే వాళ్ల చేతిలో ఉన్నది మన సిప్ డబ్బులే కాబట్టి. అమ్మేసి హాయిగా పడుకో.

---

పాత డీమ్యాట్ | జులై 19, రాత్రి 10:15

తొందరపడకండి కొత్తకాపు గారూ. ముందు ఒక చిన్న ప్రశ్న. ప్రమోటర్ అమ్మినట్టు ఎక్స్ఛేంజీ సైట్‌లో ప్రకటన ఏమైనా ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే, ప్రమోటర్ గుట్టుచప్పుడు కాకుండా రెండున్నర శాతం అమ్మడం కుదరదు. ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల ప్రకారం ఒక క్వార్టర్‌లో 10 లక్షల రూపాయలు దాటిన లావాదేవీని రెండు ట్రేడింగ్ రోజుల్లో చెప్పాలి. అది కాక టేకోవర్ నిబంధనలు వేరే ఉన్నాయి. 5 శాతం పైన వాటా ఉన్నవాళ్లు ఎవరైనా సరే, కొన్నా అమ్మినా 2 శాతం మార్పు వస్తే రెండు పనిదినాల్లో బయటపెట్టాలి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు అలాంటి కాగితం ఒక్కటీ లేదంటే ఆయన అమ్మలేదని నా అనుమానం.

అమ్మకుండా శాతం ఎలా తగ్గుతుందంటారా? ఆ ప్యాటర్న్ పట్టికలో అడుగున మొత్తం షేర్ల సంఖ్య ఉంటుంది. మార్చిలో ఎంత, జూన్‌లో ఎంత? అది చూసి చెప్పండి.

---

కొత్తకాపు | జులై 19, రాత్రి 10:31

చూశానండి. ప్రమోటర్ అమ్మినట్టు ప్రకటన ఏదీ కనబడలేదు. మొత్తం షేర్లు మార్చిలో 10 కోట్లు, జూన్‌లో 10.50 కోట్లు. అంటే 50 లక్షలు పెరిగాయి. నేను ఎప్పుడూ శాతాల వరుసే చూస్తాను, ఈ వరుస వైపు ఎన్నడూ చూడలేదు.

---

ఎక్సెల్ పిచ్చి | జులై 19, రాత్రి 11:05

హమ్మయ్య, నాకు పని దొరికింది.

ప్రమోటర్: మార్చిలో 10 కోట్లలో 51 శాతం, అంటే 5.10 కోట్ల షేర్లు. జూన్‌లో 10.50 కోట్లలో 48.57 శాతం అంటే మళ్లీ అదే 5.10 కోట్లు. ఒక్క షేరు కదల్లేదు. కింద హారం పెరిగింది, అంతే.

ఎఫ్‌ఐఐలు: మార్చిలో 1.42 కోట్లు, జూన్‌లో 1.40 కోట్లు. అమ్మింది నికరంగా 2 లక్షల షేర్లు. వాళ్లు అసలేమీ అమ్మకపోయినా 14.20 కాస్తా 13.52 అయ్యేది. మీరు చూసి భయపడిన 0.87 శాతం తగ్గుదలలో 0.68 కొత్త షేర్ల పుణ్యమే. నిజంగా అమ్మింది 0.19.

మ్యూచువల్ ఫండ్లు: 91 లక్షల నుంచి 1.25 కోట్లు. 34 లక్షలు పెరిగాయి. ఆ 50 లక్షల కొత్త షేర్లలో ఎక్కువ భాగం ఎటు పోయిందో దీన్నిబట్టి ఊహించొచ్చు.

ఇక మాయమైన ఫండ్ సంగతి. 1.03 శాతం అంటే 10.30 లక్షల షేర్లు. దాన్ని 10.50 కోట్లతో భాగించండి. 0.98. పబ్లిక్ వాటాదారుల్లో 1 శాతం, ఆపైన ఉన్నవాళ్ల పేర్లే ఆ జాబితాలో వేస్తారు. వాళ్లు ఒక్క షేరు అమ్మకపోయినా పేరు ఎగిరిపోతుంది. అమ్మలేదని నేను అనడం లేదు. అమ్మారని చెప్పడానికి మాత్రం ఈ కాగితం చాలదు.

---

ఫోలియో అక్క | జులై 20, ఉదయం 7:20

కొత్తకాపు తమ్ముడూ, ఏప్రిల్ జూన్ మధ్యలో కంపెనీ నుంచి క్యూఐపీ అని ఏదైనా నోటీసు వచ్చిందేమో వెతుకు. సంస్థాగత మదుపరులకు నేరుగా కొత్త షేర్లు ఇచ్చి డబ్బు సమీకరించడమే క్యూఐపీ. అందులో 5 శాతం కంటే ఎక్కువ ఎవరికి కేటాయించారో పేర్లతో సహా ఎక్స్ఛేంజీకి చెప్పాలి. ఆ పేజీ దొరికితే సగం కథ తేలిపోతుంది.

ఇంకో మాట కూడా ఉంది. కోపం తెచ్చుకోకు. సొంత కంపెనీ 5 శాతం కొత్త షేర్లు జారీ చేస్తే రెండేళ్లుగా వాటాదారుగా ఉన్న నీకు తెలియలేదంటే, ఎఫ్‌ఐఐలు ఏం చేస్తున్నారో చూసే ముందు కంపెనీ ఏం చేస్తోందో చూడాలేమో.

---

కొత్తకాపు | జులై 20, ఉదయం 8:45

దొరికింది అక్కా. మే నెలలో క్యూఐపీ. బోర్డు తీర్మానం, వాటాదారుల ఓటింగ్ అన్నీ అంతకు ముందే జరిగాయి. నాకు ఓటు వేయమని ఈమెయిల్ కూడా వచ్చింది, తెరవలేదు. సిగ్గుగా ఉంది.

5 శాతం దాటి కేటాయించిన వాళ్ల పట్టికలో మూడు మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి. ముగ్గురికీ కలిపి 32 లక్షల షేర్లు. మిగతాది బీమా కంపెనీలు, ఇంకెవరో.

---

ఎక్సెల్ పిచ్చి | జులై 20, ఉదయం 9:02

అయితే ఇంకో గాలి కూడా తీసేద్దాం. ఫండ్లకు 34 లక్షలు పెరిగితే అందులో 32 లక్షలు క్యూఐపీలో వచ్చినవే. 5 శాతం లోపు తీసుకున్న చిన్న ఫండ్లను కలిపితే మిగిలిన 2 లక్షలు కూడా అందులోవే కావచ్చు. అంటే బయట మార్కెట్లో ఫండ్లు ఎగబడి కొన్నదేమీ లేదు. క్యూఐపీ ధరను ముందు రెండు వారాల ముగింపు ధరల లెక్కతో కడతారు, దాని మీద 5 శాతం వరకు డిస్కౌంట్ కూడా ఇవ్వొచ్చు. ఆ ధర నీకూ నాకూ రాదు.

'డీఐఐలు (మన దేశపు సంస్థాగత మదుపరులు) పోగేస్తున్నారు' అని రేపు ఎవడైనా వీడియో పెడితే ఈ లెక్క గుర్తు పెట్టుకోండి.

---

చార్టుబాబు | జులై 20, ఉదయం 9:11

సరే, ప్రమోటర్ విషయంలో నేను తొందరపడ్డా, ఒప్పుకుంటున్నా. కానీ నాకో సందేహం. మూడు వారాల తర్వాత వచ్చే కాగితం పట్టుకుని ఇంత గుద్దులాట ఎందుకు? రోజూ సాయంత్రం బల్క్ డీల్స్ (ఒకరే పెద్ద మొత్తంలో చేసిన కొనుగోళ్లు, అమ్మకాలు) వస్తాయి, డెలివరీ శాతం వస్తుంది. పెద్ద ఫండ్ పేరు కొనుగోలు వైపు కనిపిస్తే మర్నాడు ఎక్కడమే. ప్యాటర్న్ వచ్చేసరికి పెళ్లి అయిపోయి పందిరి విప్పేస్తుంటారు.

---

నిశాచరి | జులై 20, రాత్రి 11:48

బల్క్ డీల్ అన్నారు కాబట్టి నా గోడు కూడా వినండి.

ఒక చిన్న కంపెనీ. సాయంత్రం బల్క్ డీల్ పట్టికలో కొనుగోలు వైపు ఒక సంస్థ పేరు, 6 లక్షలకు పైగా షేర్లు. నాకది పెద్ద సంస్థలాగే అనిపించింది. పొద్దున్నే 9:15కి మార్కెట్ ఆర్డర్ కొట్టాను. 7 శాతం పైన తెరుచుకుంది, అదే ధరకు నాకు అంటింది. మధ్యాహ్నానికి అంతా కరిగిపోయింది. రాత్రి మళ్లీ ఆ పట్టిక తెరిచి, ఈసారి కిందికి జరిపి చూశాను. అమ్మకం వైపు కూడా అదే పేరు, అదే రోజు, కొన్న సంఖ్యకు నాలుగు వందల షేర్లు అటూఇటూ. పొద్దున కొని సాయంత్రానికి వదిలించుకున్న బాపతు. నేను చూసింది పట్టికలో పై సగం మాత్రమే.

ఆ షేరు ఎనిమిది నెలలు నా దగ్గరే ఉంది. దీర్ఘకాలిక పెట్టుబడి అని ఇంట్లో చెప్పుకున్నాను.

---

పాత డీమ్యాట్ | జులై 21, ఉదయం 6:30

నిశాచరి గారూ, మీరొక్కరే కాదు, ఆ గోతిలో నేనూ పడ్డాను.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఒక కంపెనీ మొత్తం షేర్లలో 0.5 శాతం కంటే ఎక్కువ ఒకే క్లయింట్ ఒక రోజులో లావాదేవీ చేస్తే అది బల్క్ డీల్. మామూలు మార్కెట్లోనే, అందరి ఆర్డర్లతో కలిసి జరుగుతుంది. కంప్యూటర్లతో క్షణాల్లో కొని అమ్మే సంస్థలు కూడా ఈ గీత దాటేస్తాయి. అందుకే ఒక పేరు రెండు వైపులా కనిపిస్తుంటుంది. రెండు వైపులా చూసి, తీసివేత చేసి, మిగిలిందేమైనా ఉంటే అప్పుడు మాట్లాడుకోవాలి.

బ్లాక్ డీల్ వేరు. దానికి ప్రత్యేక సమయం, ప్రత్యేక విండో ఉంటాయి. కనీస పరిమాణం చాలాకాలం 10 కోట్లు ఉండేది, 2025లో సెబీ దాన్ని 25 కోట్లకు పెంచింది. అక్కడ కొనేవాడు, అమ్మేవాడు ముందే మాట్లాడుకుని వస్తారు. కాబట్టి 'ఫలానా ఫండ్ కొన్నది' అన్న వార్తకు ఎప్పుడూ రెండో సగం ఉంటుంది. ఎవరు అమ్మారు? పదేళ్లుగా ఉన్న ప్రైవేట్ ఈక్విటీ సంస్థ తన ఫండ్ గడువు తీరి బయటికి వెళ్తే ఒక అర్థం, ప్రమోటర్ కుటుంబంలో ఒకరు అమ్మితే ఇంకో అర్థం.

డెలివరీ శాతం గురించి ఒక్క ముక్క. 70 శాతం డెలివరీ అంటే ఆ రోజు ట్రేడైన వాటిలో 70 శాతం షేర్లు నిజంగా చేతులు మారాయని మాత్రమే. ఆ చేతులు ఫండ్లవో, మనలాంటి వాళ్లవో అందులో ఉండదు.

---

వేదిక నిర్వాహకులు | జులై 21, ఉదయం 10:00

ఈ చర్చలో ఒకరిద్దరు షేర్ పేరు ప్రైవేట్ మెసేజ్‌లో పంపమని కొత్తకాపు గారిని అడుగుతున్నారట. దయచేసి మానండి. టిప్స్ లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం.

---

కొత్తకాపు | జులై 21, మధ్యాహ్నం 1:15

అమ్మలేదండీ, ఆగాను. కానీ చార్టుబాబు గారి ప్రశ్నలో న్యాయం ఉంది కదా. జూన్ 30 నాటి లెక్క జులై 21 లోపు వస్తుంది. మళ్లీ అక్టోబర్ దాకా ఏమీ తెలియదు. ఈ మధ్య కాలంలో ఎలా చూడాలి?

---

ఎక్సెల్ పిచ్చి | జులై 21, రాత్రి 8:20

విదేశీ ఫండ్ల విషయంలో చేయగలిగింది తక్కువ. 1 శాతం లోపు ఉన్నవాళ్లు ఎవరో క్వార్టర్ కాగితంలో కూడా కనబడరు, మొత్తం ఎఫ్‌పీఐల సంఖ్యలో కలిసిపోతారు. (ఎఫ్‌ఐఐ అన్న పేరు 2014లోనే పోయి ఎఫ్‌పీఐ అయింది. నోటికి పాతదే అలవాటు.)

మన మ్యూచువల్ ఫండ్లు మాత్రం ప్రతి నెలా ప్రతి పథకం పోర్ట్‌ఫోలియో మొత్తం బయటపెట్టాలి. నెల ముగిసిన పది రోజుల్లో. ఏ షేరు ఎన్ని ఉన్నాయి, విలువెంత, పథకంలో ఎంత శాతం, అన్నీ ఎక్సెల్ షీట్‌లోనే ఇస్తారు. నా మారుపేరు అలా వచ్చిందే. నేను ఒక్కో కంపెనీకి ఒక్కో వరుస వేసి పథకాల వారీగా షేర్ల సంఖ్య రాసుకుంటాను. విలువ రాసుకోను, ధర మారితే విలువ దానంతటదే మారుతుంది కాబట్టి.

ఇక్కడ కూడా ఒక ఉచ్చు ఉంది. ఉదాహరణకు ఒక పథకం సైజు 4,000 కోట్లు. మన షేరుకు 2 శాతం ఇచ్చారు, అంటే 80 కోట్లు. ధర 400 అనుకుంటే 20 లక్షల షేర్లు. ఆ నెల జనం కొత్తగా 400 కోట్లు పోశారు. మేనేజర్ దేన్నీ మార్చకుండా అన్నిటినీ అదే పాళ్లలో కొన్నా మన షేర్లు 22 లక్షలవుతాయి. ట్రాకింగ్ సైట్లు '2 లక్షలు పెంచారు' అని ఆకుపచ్చ రంగు వేస్తాయి. ఆ మేనేజర్‌కు మన షేరు మీద కొత్తగా పుట్టిన ప్రేమ ఏమీ లేదు. సంఖ్య పెరిగి, పథకంలో శాతం కూడా ధర కదలికకు మించి పెరిగితే, అప్పుడు కావాలని కొన్నాడని నమ్ముతాను.

తిరగేసి కూడా చూడాలి. జనం డబ్బు వెనక్కి తీసుకుంటే మంచి షేరైనా అమ్మాల్సిందే. పైగా అలాంటప్పుడు సులువుగా అమ్ముడుపోయేదే ముందు అమ్ముతారు, చెడ్డది కాదు.

ఇంకోటి. ఇండెక్స్ ఫండ్లను పక్కన పెట్టేయండి. నిఫ్టీ 50 జాబితా ఏడాదికి రెండుసార్లు, మార్చి, సెప్టెంబర్ చివర్లలో మారుతుంది. చేరిన షేరును ఇష్టం ఉన్నా లేకపోయినా కొంటారు, తీసేసినదాన్ని అమ్మేస్తారు.

---

స్లోమోషన్ | జులై 21, రాత్రి 10:40

పాత డీమ్యాట్ గారు, ఎక్సెల్ గారు చెప్పినవి ఒప్పుకుంటూనే, ఆలస్యంగా వచ్చినా క్వార్టర్ డేటా పనికిమాలింది కాదని నా మాట. నేను కొన్నాళ్లు డీలింగ్ రూంలో పని చేశాను.

పెద్ద ఫండ్ మనలా ఒక్క క్లిక్‌తో కొనలేదు. 20 లక్షల షేర్లు కావాలి, ఆ షేరులో రోజుకు 2 లక్షలే చేతులు మారుతున్నాయి అనుకోండి. రోజు వాల్యూంలో ఐదో వంతు కంటే ఎక్కువ తీసుకుంటే ధర మన మీదే పరిగెత్తుతుంది. రోజుకు 40 వేలు, అంటే 50 ట్రేడింగ్ రోజులు. రెండు నెలలు దాటిపోతుంది. ఆ రెండు నెలలూ తెర మీద ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. బల్క్ డీల్‌లో పేరు రాదు. చిన్న చిన్న ఆర్డర్లు రోజంతా, సగటు ధరకు అటూఇటూగా పడుతుంటాయి.

అందుకే ఒక క్వార్టర్‌లో వాటా పెంచిన ఫండ్ తర్వాతి క్వార్టర్‌లో కూడా కొంటూ ఉండే అవకాశం ఉంది. అమ్మకం కూడా అంతే. ఒక్క క్వార్టర్ మార్పు చూసి నేను కదలను. మూడు నాలుగు క్వార్టర్లు వరుసగా ఒకే వైపు, అదీ ఒకరికి మించి ఫండ్లు, అదీ షేర్ల సంఖ్యలో కనిపిస్తే అప్పుడు కుర్చీ ముందుకు లాక్కుంటాను.

కొనడం ఆపేసిందంటే నచ్చకే అనుకోకండి. ఒక ఫండ్ హౌస్ పథకాలన్నీ కలిపి ఒక కంపెనీలో 10 శాతం దాటి ఓటు హక్కున్న షేర్లు ఉంచుకోకూడదు. ఒక్కో ఎఫ్‌పీఐ బృందం 10 శాతం లోపే ఉండాలి. 9.8 దగ్గర ఆగిపోయినవాడికి ఇష్టం తీరలేదు, స్థలం అయిపోయింది.

---

ఫోలియో అక్క | జులై 22, ఉదయం 7:05

స్థలం మాట వచ్చింది కాబట్టి ఒక నిజమైన ఉదాహరణ. ఎఫ్‌ఐఐల వాటా తగ్గితే షేరు పడుతుందనుకునే వాళ్లందరూ ఇది చదవాలి.

2024 జులై మొదట్లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ జూన్ క్వార్టర్ ప్యాటర్న్ వచ్చింది. విదేశీ వాటా మార్చిలో 55.54 శాతం, జూన్‌లో 54.83 శాతం. తగ్గింది. మన సూత్రం ప్రకారం షేరు పడాలి. జులై 3న అది అప్పటిదాకా ఎన్నడూ లేని గరిష్ఠానికి వెళ్లింది!

ఎందుకంటే, ప్రైవేట్ బ్యాంకుల్లో విదేశీ పెట్టుబడికి పరిమితి 74 శాతం. ఎంఎస్‌సీఐ అనే అంతర్జాతీయ సూచీల సంస్థ తన సూచీలో ఒక షేరుకు బరువు ఇచ్చే ముందు విదేశీయులకు ఇంకా ఎంత జాగా మిగిలిందో చూస్తుంది. ఆ పరిమితిలో కనీసం 25 శాతం ఖాళీ ఉంటేనే పూర్తి లెక్క, 15 నుంచి 25 మధ్య ఉంటే సగమే. 55.54 దగ్గర మిగిలిన జాగా 18.46. దాన్ని 74తో భాగిస్తే 24.95 శాతం. వెంట్రుకవాసిలో తప్పిపోయింది! 54.83 దగ్గర అది 25.9 అయింది. అంటే సూచీలో బరువు పెరుగుతుంది, ఆ సూచీని అనుసరించే ఫండ్లన్నీ కొని తీరాలి. విదేశీయులు అమ్మడమే విదేశీయులు కొనడానికి దారి చేసింది.

ఇక్కడితో అయిపోలేదు. ఆగస్టులో ఎంఎస్‌సీఐ నిజంగానే బరువు పెంచింది, కాకపోతే ఒకేసారి కాకుండా రెండు విడతల్లో అంది. మర్నాడు షేరు 3 శాతానికి పైగా పడింది. జనం అంతకంటే ఎక్కువ ఆశపడి ముందే కొనేసి ఉన్నారు.

వాటా తగ్గితే షేరు పెరిగింది, కొనబోతున్నారని ఖాయమైన రోజున పడింది. దీన్ని ఏ పట్టికలో ఇరికిస్తారో చెప్పండి.

---

తీరిగ్గా | జులై 22, ఉదయం 9:30

ఆలస్యం సంగతికి అమెరికా నుంచి ఒకటి. అక్కడ 10 కోట్ల డాలర్లు, ఆపైన షేర్లు నిర్వహించే వాళ్లు క్వార్టర్ ముగిసిన 45 రోజుల్లో తమ షేర్ల జాబితాతో ఫారం 13ఎఫ్ వేయాలి. వారెన్ బఫెట్ 2020 మే 2న వార్షిక సమావేశంలో నాలుగు విమానయాన కంపెనీల షేర్లూ అమ్మేశామని తానే చెప్పాడు. మే మధ్యలో వచ్చిన 13ఎఫ్ మార్చి 31 నాటిది. అందులో ఆ విమాన షేర్లు ఇంకా ఉన్నాయి. కాగితం మాత్రమే చూసి ఆయన వెంట వెళ్లినవాళ్లు, ఆయన దిగి వెళ్లిపోయిన విమానం ఎక్కినట్టే.

13ఎఫ్‌లో షార్ట్ పొజిషన్లు (ధర పడుతుందని వేసే పందేలు) కూడా ఉండవు. ఒక ఫండ్ ఒక చేత్తో కొని ఇంకో చేత్తో దాన్ని కాపాడుకునే పందెం వేసినా మనకు కనబడేది మొదటి చెయ్యే.

---

చార్టుబాబు | జులై 22, ఉదయం 9:41

అక్క ఉదాహరణకు దండం. మరి రోజూ టీవీలో చెప్పే 'ఎఫ్‌ఐఐలు ఇన్ని వేల కోట్లు అమ్మారు' సంగతేంటి? అది కూడా చూడొద్దా?

---

పాత డీమ్యాట్ | జులై 22, ఉదయం 11:20

చూడండి, కాలక్షేపానికి బాగుంటుంది. అది మార్కెట్ మొత్తానికి ఇచ్చే సంఖ్య, ఏ షేరు అన్నది అందులో ఉండదు. పైగా సాయంత్రం వచ్చేది తాత్కాలిక లెక్క. ఒక పెద్ద కంపెనీలో విదేశీ మాతృసంస్థో, ప్రైవేట్ ఈక్విటీ సంస్థో బ్లాక్ డీల్‌లో వేల కోట్లు అమ్మితే, అవతల కొన్నది ఎఫ్‌పీఐలైతే ఆ రోజు 'భారీ విదేశీ కొనుగోళ్లు' అని శీర్షిక వస్తుంది. మిగతా షేర్లన్నిటిలో వాళ్లు అమ్మి ఉండొచ్చు కూడా.

కొత్తగా లిస్టయిన కంపెనీలు ట్రాక్ చేసేవాళ్లకు ఒక గమనిక. యాంకర్ మదుపరుల (పబ్లిక్ ఇష్యూ తెరవకముందే షేర్లు తీసుకునే పెద్ద సంస్థల) షేర్లలో సగానికి 30 రోజులు, మిగతా సగానికి 90 రోజులు లాక్ ఉంటుంది, అంటే అప్పటిదాకా అమ్మకూడదు. ఆ తేదీల్లో సంస్థలు అమ్మితే గుండెలు బాదుకోకండి. తలుపు తెరుచుకుంది, కొందరు బయటికి వెళ్లారు.

---

కొత్తకాపు | ఆగస్టు 12, రాత్రి 9:10

అందరికీ అప్‌డేట్. జులై నెల పోర్ట్‌ఫోలియోలు వచ్చాయి. ఎక్సెల్ గారి పద్ధతిలోనే షీట్ వేశాను. రెండు రాత్రులు పట్టింది, ఒక్కో ఫండ్ కంపెనీ ఒక్కో తీరులో ఫైలు పెడుతుంది మరి.

క్యూఐపీలో తీసుకున్న మూడు ఫండ్లలో రెండు కదల్లేదు. మూడోది 3 లక్షల షేర్లు అప్పుడే అమ్మేసింది. క్యూఐపీ షేర్లు ఏడాది దాకా అమ్మకూడదేమో అనుకున్నాను. చదివితే, ఎక్స్ఛేంజీలో అయితే వెంటనే అమ్ముకోవచ్చట, బయట మాత్రమే ఏడాది నిషేధం. డిస్కౌంట్‌లో తీసుకుని పైన అమ్ముకున్నారన్నమాట. అది చూసి ముందులా గుండె జారలేదు, ఎందుకంటే ఆ పథకంలో మన షేరు ఇంకా 1.8 శాతం ఉంది.

ఆ 1.03 ఫండ్ సంగతి ఇంకా తెలియదు. ఇప్పుడు వాళ్ల పేరు మళ్లీ కనబడాలంటే కనీసం 10.50 లక్షల షేర్లు ఉండాలి. మధ్యలో ఫోలియో అక్క మాట గుర్తొచ్చి కంపెనీ క్యూఐపీ డబ్బుతో ఏం చేస్తోందో చదివాను. అప్పు తీర్చడానికి సగం, కొత్త లైన్‌కు సగం అన్నారు. ఆ అప్పు ఎంతుందో రెండేళ్లలో నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూశాను. ఎఫ్‌ఐఐల మీద పెట్టుకున్న భయం కొంత దానిమీదికి మళ్లింది. నాలుగో వంతు షేర్లు అమ్మాను, మిగతావి ఉంచాను. అమ్మింది అప్పు చూసే, ఎఫ్‌ఐఐలను చూసి కాదు.

---

ఫోలియో అక్క | ఆగస్టు 12, రాత్రి 9:35

క్యూఐపీ డబ్బు ఎలా ఖర్చవుతోందో మానిటరింగ్ రిపోర్ట్ ఏమైనా ఉందేమో ఎక్స్ఛేంజీ సైట్‌లో చూడు తమ్ముడూ. ఈసారి ఈమెయిల్ వస్తే తెరువు.

---

చార్టుబాబు | ఆగస్టు 12, రాత్రి 9:50

సెప్టెంబర్ ప్యాటర్న్‌కు అక్టోబర్ 21 దాకా టైముంది. ఆ ఫండ్ పేరు వచ్చిందో లేదో చూడటానికి నేనూ ఇక్కడే ఉంటా. ఈలోగా షేరు పేరు మాత్రం చెప్పవా బ్రో?

---

కొత్తకాపు | ఆగస్టు 12, రాత్రి 9:52

చెప్పను.